రెండు తేదీలు, కింద నా పేరు

మొన్న వరంగల్ మట్టెవాడలో ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాను. బొగ్గుల పెట్టె కింద గంజి పెట్టిన తెల్లగుడ్డ వేడెక్కుతున్న వాసన వచ్చింది. చూస్తే వకీళ్లు మెడకు కట్టుకునే బ్యాండ్లు, పక్కనే సంచిలో మడతపెట్టిన కొత్త నల్లకోటు. ఒక అమ్మాయి వాటి కోసం ఎదురుచూస్తోంది. మర్నాడు హైదరాబాద్‌లో రాష్ట్ర న్యాయవాదుల మండలి ముందు ప్రమాణం చేస్తుందట, వకీళ్ల పట్టీ అయిన రోల్‌లో పేరు ఎక్కుతుందట. ఆమె నా మనవరాలి వయసుది. ఆశీర్వదించాలి నిజానికి. కానీ నా కడుపులో పాత మంటే రాజుకుంది. డెబ్బై దాటినా అది చావలేదు. ఆ మంటతో పాటే విఠల్‌రావు సారు గుర్తుకొచ్చారు.

ఆయన వరంగల్ కోర్టులో వకీలు. నేను ఆయన దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాను. ఏడో తరగతితో బడి మానేసిన నాకు సారు పారేసిన పాత తీర్పుల పుస్తకాలే కాలేజీ. ఒక్కో ఇంగ్లీషు మాటను నిఘంటువులో వెతుక్కుంటూ చదివాను. పదేళ్లయ్యేసరికి దావా కాగితం నేను రాస్తే సారు రెండు చోట్ల కామా మార్చి సంతకం పెట్టేవారు. సంతకం ఆయనదే. రాత నాది. అది ఎవరికీ తెలియనక్కర లేదని అందరూ అనుకున్నారు, నేను తప్ప.

లా పట్టా లేనివాడి పేరు మండలి రోల్‌లో ఎక్కదు. పేరు ఎక్కనివాడు జడ్జి ముందు నోరు విప్పకూడదు. వకీలు తప్పు చేస్తే మండలే విచారిస్తుంది, మందలిస్తుంది, అవసరమైతే పేరు కొట్టేస్తుంది. వకీలు చనిపోతే ఆ ఇంటిని ఆదుకుంటుంది కూడా. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఊళ్లో పెళ్లికి పిలుపు రానివాడికి వంటకాల పేర్లన్నీ తెలిసినట్టు.

సారు దగ్గరికి శ్రీధర్ అనే కుర్రవాడు లా చదువుతూ వచ్చాడు. వకాల్తా ఎక్కడ కుట్టాలో, ఏ కాగితం మీద ఏది అతికించాలో నేనే నేర్పాను. మూడేళ్లు నన్ను 'అన్నా అన్నా' అంటూ తిరిగాడు. అతని పేరు రోల్‌లో ఎక్కిన రోజు సారు ఆఫీసులో అందరికీ మిర్చి బజ్జీలు, చాయ్ తెప్పించి, తన పాత గౌను తీసి శ్రీధర్ భుజాల మీద కప్పారు. ఆ గౌను చిరుగు కుట్టింది నేను. దానికి ఇరవై ఏళ్లు కర్పూరపు ఉండలు వేసింది నేను. శ్రీధర్ నా వైపు తిరిగి, "సాంబయ్యా, జర చాయ్ ఇటియ్యి" అన్నాడు. పొద్దుటిదాకా అన్న, సాయంత్రానికి సాంబయ్య.

అలిగాను. ఎవరికీ చెప్పలేదు, కానీ చేతులు పని మానేశాయి. ఆఫీసుకు వెళ్లి కూర్చునేవాణ్ణి, కదిలేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లోనే కొమురయ్య కేసు తీర్పు నకలు కోర్టులో తయారై ఉంది. కొమురయ్యది మడికొండ అవతలి పల్లె. ఉన్న రెండెకరాల మీద దాయాదులు వేసిన దావాలో కింది కోర్టులో ఓడిపోయాడు. అప్పీలుకు గడువు ఉంటుంది. నకలు తయారు కావడానికి పట్టిన రోజుల్ని గడువులోంచి తీసేస్తారు. తయారయ్యాక మనం తెచ్చుకోవడంలో చేసిన ఆలస్యం మాత్రం మన నెత్తినే. నేను తొమ్మిది రోజుల తర్వాత వెళ్లి తెచ్చాను. నేను రాసే ఆఫీసు డైరీలో తయారైన తేదీ రాస్తే నా అలక బయటపడుతుంది. అందుకని తెచ్చిన తేదీ ఒక్కటే రాశాను. నకలు చివరి పేజీలో అసలు తేదీ ముద్ర ఉంటుంది, కానీ సారు ఎప్పుడూ నా డైరీనే నమ్మేవారు. దాన్ని బట్టే లెక్కవేసి, ఆ లెక్కలో ఇంకా మూడు రోజులుండగానే అప్పీలు వేశారు.

ఆరు రోజులు ఆలస్యమని కాగితాలు తిరిగొచ్చాయి. సారు నకలు చివరి పేజీ తిప్పారు. డైరీ తెరిచారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ తొమ్మిది దినాలు ఏడున్నవ్ సాంబయ్యా?"

"జ్వరమొచ్చింది సారూ."

"శ్రీధర్ గౌను ఏసుకున్న కాడికెళ్లి వచ్చిందా జ్వరం?"

తల దించుకున్నాను. ఆయన డైరీ మూసేశారు.

ఇలాంటి ఆలస్యాలకు కోర్టులో పాత మందు ఒకటుంది. కక్షిదారుకు పచ్చకామెర్లు వచ్చాయని డాక్టరు కాగితం పెడతారు. శ్రీధర్ అదే చెప్పాడు. సారు నవ్వలేదు గాని, "కామెర్లు కొమురయ్యకు రాలె. మన డైరీకి వచ్చినయ్" అన్నారు. తప్పు తన ఆఫీసుదేనని ఉన్నది ఉన్నట్టు రాశారు. జడ్జి నమ్మలేదు. కక్షిదారును కాపాడటానికి వకీళ్లు తప్పు మీద వేసుకోవడం మామూలేనని, నోటిమాట చాలదని అప్పీలు కొట్టేశారు.

మరునాడు కొమురయ్య వచ్చి గడపలో కూలబడ్డాడు. "నా భూమి పోయినట్టేనా పటేలా?" అని సారుతో ఒకటే మాట. సారు అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు తిరిగి టైపు మెషిన్‌లో కాగితం ఎక్కించమన్నారు. మండలికి ఫిర్యాదు. ఫిర్యాదీ కొమురయ్య, ఎదుటి పక్షం విఠల్‌రావు. తన మీద ఫిర్యాదు తానే చెబుతూ ఉంటే నేను టైపు కొట్టాను. 'నిర్లక్ష్యం' అన్న మాట దగ్గర నా వేలు ఆగింది. "కొట్టు" అన్నారు. కొట్టాను. నా తప్పు ఆయన పేరు మీద అచ్చయింది.

అందులో నా పేరు కూడా రాయమని అడిగాను. "నీ పేరు రాస్తే మండలోళ్లకు ఏం పని సాంబయ్యా?" అని ఊరుకున్నారు.

విచారణకు హైదరాబాద్ వెళ్లినప్పుడు సంచి మోస్తూ నేనూ వెళ్లాను. పెద్ద బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. సారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వరంగల్‌లో ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడే వాళ్ల వయసే వాళ్లది. నేను ఉండబట్టలేక లేచి, తప్పు నాది, నకలు నేనే ఆలస్యంగా తెచ్చాను, డైరీలో దాచాను అని చెప్పేశాను. జన్మలో మొదటిసారి అలాంటి చోట నోరు విప్పాను.

నడిమధ్యన కూర్చున్నాయన మర్యాదగానే అడిగాడు. "మీ పేరు రోల్‌లో ఉందా పెద్దాయనా?"

"లేదు సార్."

"అయితే మీ మీద మాకు అధికారం లేదు. కూర్చోండి."

కూర్చున్నాను. ఆ కుర్చీ ఇవాళ్టికీ నా కింద ఉన్నట్టే ఉంటుంది. అన్నేళ్లు పేరు లేకుండా మంచిపని చేశాను, సరే. చేసిన చెడ్డపనికి కూడా నేను పనికిరానా?

సారుకు మందలింపు శిక్ష వేశారు. మచ్చలేని పేరు పక్కన జీవితాంతం ఉండే గీత. తిరుగు రైల్లో ఆయన పల్లీలు వలుచుకుని తింటున్నారు. నాకిచ్చినవి నేను జేబులో వేసుకున్నాను. ఎందుకిట్లా చేశారని అడిగితే, ఉత్తర్వు కాగితం నా చేతిలో పెట్టి ఒక వరుస మీద వేలు ఉంచారు. ఆలస్యంలో కక్షిదారు తప్పేమీ లేదని, పూర్తిగా వకీలు ఆఫీసుదేనని మండలి తేల్చిన వరుస.

"జడ్జికి నోటిమాట చాలలె గద. ఇగ ఇది నోటిమాట కాదు."

అదే కాగితం పెట్టి హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఆరు రోజుల ఆలస్యాన్ని మన్నించి, అప్పీలు వినమని వరంగల్ కోర్టుకు చెప్పారు. తర్వాత రెండేళ్లకు కొమురయ్య గెలిచాడు. కోర్టు మెట్ల మీద సారు కాళ్లకు దండం పెట్టాడు, పక్కనే ఉన్న నాక్కూడా పెట్టబోతే వెనక్కి జరిగాను.

ఇంత మంచి మనిషి గురించి చెప్పుకుంటూ కడుపులో మంట అంటావేమిటని అడగవచ్చు. నిజమే చెబుతున్నాను. శ్రీధర్ గౌను మీద నా కుళ్లు ఆ రైల్లోనే చిన్నదైపోయింది. దాని కన్న పెద్దది మొదలైంది. సారు మందలింపు మీద. తన పేరును ఒకడి పొలం కోసం పణంగా పెట్టడానికి ఆయనకొక పేరుంది. నా తప్పును నేనే మోయడానికి నాకు లేదు.

సారు పోయినప్పుడు కోర్టు హాలులో వకీళ్లు రెండు నిమిషాలు మౌనం పాటించారు. గుమాస్తాలం వరండాలో నిలబడ్డాం. శ్రీధర్ మాట్లాడాడు, ఆ మందలింపు సంగతి మర్యాద కోసం దాటేశాడు. అదొక్కటే చెప్పాలనిపించింది నాకు. ఇప్పుడు శ్రీధర్ ఆ న్యాయవాదుల మండలి ఎన్నికల్లోనే పోటీ చేస్తున్నాడు. హనుమకొండ గోడల నిండా అతని ముఖమే.

నేను ఇప్పటికీ వారానికి మూడు రోజులు కోర్టుకు వెళ్లి చిన్న వకీళ్లకు నకళ్లు తెచ్చిపెడతాను. నకలు పైన ఒక తెల్లకాగితం కుట్టి, దాని మీద రెండు తేదీలు రాస్తాను. తయారైనది ఒకటి, నేను తెచ్చినది ఒకటి. కింద పూర్తి పేరు, సంతకం.

మొన్న ఇస్త్రీ బండి దగ్గర ఆ అమ్మాయి నా చేతిలోని నకలు చూసి అడిగింది. "తేదీలు సరే తాతా, పేరెందుకు? మిమ్మల్ని ఎవ్వరడుగుతరు?"

"ఎవ్వరడగరు బిడ్డా. గందుకే రాస్తున్న."

బ్యాండ్లు మడత పడకుండా సంచిలో పై వరుసన పెట్టుకొమ్మని చెప్పి, ఆటో ఎక్కాను.