గట్టిగా చదవని కొలతలు

ఈ ఆదివారం పొద్దున బీరువా అడుగు అరలోంచి గుడ్డముక్కలతో కుట్టిన సంచి ఒకటి బయటికి తీశాను. మూతి విప్పగానే కుట్టుమిషను నూనె, సుద్దముక్క, కర్పూరం బిళ్ళ కలిసిన వాసన గుప్పుమంది. అందులో నా నీలం కుర్తా ఉంది. వేసుకున్నాను. తల దూరింది, చేతులు దూరాయి, ఛాతీ దగ్గరికి వచ్చేసరికి పట్టేసింది. కాస్త గట్టిగా ఊపిరి పీల్చానో లేదో పక్క కుట్టులో ఒక దారం టప్పున తెగింది. అద్దం వైపు చూడకుండానే విప్పేసి మంచం మీద పడేశాను.

నాలుగేళ్ళ క్రితం బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్న మనిషిని నేను. నలభై కిలోలకు పైగా తగ్గాను. ఈ మధ్య ఏడు కిలోలు మళ్ళీ వచ్చి చేరాయి. ఆ మధ్యాహ్నమే మా ఆఫీసులో కొత్తగా చేరిన నిఖితను కలవాలి. తనూ ఆ ఆపరేషన్ గురించే ఆలోచిస్తోంది. నాతో మాట్లాడాకే ఏ సంగతైనా తేల్చుకుంటానంది. ఏ మొహం పెట్టుకుని సలహా చెప్పను? "ఒంట్లో బాగాలేదు, ఇంకోసారి కలుద్దాం" అని మెసేజ్ టైపు చేశాను. పంపలేదు. ఫోను పక్కన పెట్టి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని కుట్టిన బాలమణి అక్క ఉంటే ఇప్పుడు నన్ను ఏమనేదో ఊహించుకోవడానికి ప్రయత్నించాను.

నగరం అంచున గోపన్‌పల్లిలో పిండి గిర్ని పక్కన ఆమెకు ఒక షట్టరు కొట్టు ఉండేది. ఒక మిషను, ఒక బల్ల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ, అంతే. మేము ప్రొద్దుటూరు నుంచి వచ్చి అక్కడి అపార్టుమెంటులో దిగేసరికి ఆ వీధిలో మిగిలిన పాత ఊరివాళ్ళలో ఆమె ఒకరు. "మీ లిఫ్టు ఉన్న కాడ మా జొన్న చేను ఉండె" అని నవ్వుతూ చెప్పేది. అందులో ఫిర్యాదు వినిపించేది కాదు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్కతో ఉండేది.

ఆమె దగ్గరికి నేను చేరిన కారణం చెప్పాలంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అంతకుముందు ఒక పెద్ద బొటిక్‌కి వెళ్ళాను. అక్కడి మాస్టరు టేపు చుట్టి నా ఛాతీ, నడుము, పిరుదుల కొలతలు వేలంపాట పాడినట్టు పైకి చదివాడు; కౌంటరు దగ్గరి అమ్మాయి "ఎంతా? మళ్ళీ చెప్పండి" అంది. మళ్ళీ చెప్పాడు. కొట్టులో ఉన్న నలుగురూ తలలు తిప్పి చూశారు. తప్పులు వెతకడమే నా ఉద్యోగం, సాఫ్ట్‌వేరులో. ఆ రోజు ఊరంతా నాలో తప్పు వెతికినట్టు అనిపించింది. ఇచ్చిన బట్ట వెనక్కి తీసుకుని బయటికి వచ్చేశాను.

బాలమణి అక్క షట్టరు సగం దించి కొలతలు తీసింది. టేపు చుట్టింది, చూసింది, చెవి మీది పెన్సిల్ తీసి తన నోటుబుక్కులో తానే రాసుకుంది. పెదవి కదపలేదు. నేను ఉండబట్టలేక "ఎంత వచ్చింది?" అని అడిగాను.

"నీకెందుకు? కుట్టేది నేను గదా" అంది.

ఆమె పద్ధతే అంత. ఎవరి కొలతా పైకి చదివేది కాదు. పక్కన రాసిపెట్టే మనిషిని పెట్టుకోకపోవడానికి కూడా అదే కారణమని తర్వాత తెలిసింది. రెండేళ్ళు ఆమె దగ్గరే కుట్టించుకున్నాను. ఆ రెండేళ్ళలో నా నడుము ఎంత పెరిగిందో ఆమె పుస్తకానికి తెలుసు, నాకు తెలియదు. అలా తెలియకపోవడం ఎంత సుఖమో!

షుగరు వచ్చిందని తెలిసిన వారం ఆ సుఖం అయిపోయింది. మా నాన్న షుగరుతోనే ముందు కాలు, తర్వాత ప్రాణం పోగొట్టుకున్నారు. నా కూతురికి అప్పటికి ఏడేళ్ళు. డైటింగులన్నీ అయ్యాయి, తగ్గడం, అంతకు రెట్టింపు పెరగడం. డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తారు. నేను ఎక్సెల్ షీటు తెరిచి లాభాలు ఒక పక్క, నష్టాలు ఒక పక్క నింపాను. నా భర్త మధు షీటు చూసి, "నువ్వు ఎటంటే అటే" అన్నాడు. అలాంటి మద్దతు నిద్ర పట్టడానికి పనికిరాదు. ఒక సాయంత్రం జాకెట్టు బట్ట నెపంతో బాలమణి అక్క దగ్గరికి వెళ్ళి, చేయించుకోనా వద్దా అని అడిగేశాను.

మిషను ఆపింది. "చేయించుకో అని నేను చెప్ప. వద్దని చెప్ప. నేనేమన్న డాక్టర్ననా? జర శనివారం రా" అంది.

శనివారం వెళితే బెంచీ మీద ఒక స్కూలు టీచరు కూర్చుని ఉంది. ఏడాది క్రితం ఆ ఆపరేషనే చేయించుకుందట. బట్టలు బిగింపు చేయించుకోవడానికి మూడు నెలలకోసారి వస్తుందట. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు అందరూ చివరికి చేరేది ఆ బెంచీ మీదికేనని అప్పుడు అర్థమైంది. "ఈమెను అడుగు. నేను గిర్నికి పోయొస్త" అని అక్క వెళ్ళిపోయింది. కావాలనే వెళ్ళింది. ఆ టీచరు దాచకుండా చెప్పింది. మొదటి వారాలు నీళ్ళలాంటి ఆహారమేనని, జుట్టు చేతికి వచ్చేస్తుందని, మాత్రలు జన్మంతా వేసుకోవాలని, చర్మం వేలాడుతుందని. "ఆకలి తగ్గుతుందండి. తినాలనే మనసు తగ్గదు. దానికి ఆపరేషన్ లేదు" అంది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ చేయించుకుంటానంది. నా షీటులో లేని గడులన్నీ ఆ గంటలో నిండాయి.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నానని చెప్పినప్పుడు అక్క ఒక్కటే అడిగింది: "ఎవరికి చెప్తున్నవ్?"

"మధుకి తెలుసు కదక్కా. ఆఫీసులో, ఊళ్ళో మాత్రం పిత్తాశయంలో రాళ్ళు అని చెబుతా."

"బంతిల నీ పక్కన మీ ఆయన కూసుంటడా? మీ అమ్మ కూసుంటది, మీ పెద్దమ్మ కూసుంటది. తినేటప్పుడు పక్కన కూసునే ఒక్క మనిషికన్న చెప్పి పెట్టుకో."

నవ్వి ఊరుకున్నాను. కడుపు కోయించుకునే ధైర్యం వచ్చింది గానీ, తిండి తగ్గించుకోలేక కోయించుకున్నానని అమ్మతో చెప్పే ధైర్యం రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో నెలలో తెల్లాపూర్‌లో మా పెద్దమ్మ కొడుకు విల్లా గృహప్రవేశం. అమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. మధు మగవాళ్ళ బంతిలో ఎక్కడో ఉన్నాడు. పెద్దమ్మ బొబ్బట్ల గిన్నె, నెయ్యి చెంబు పట్టుకుని సరాసరి నా ఆకు దగ్గరికే వచ్చింది. "ఏమ్మే సునందా, ఆ రాళ్ళ ఆపరేషన్ ఏమో గానీ సగమైపోతివి! నా చేత్తో చేసిన ఓళిగ, తినకుంటే ఊరుకోను" అంటూ ఒకటి వేసి, కాదనేలోపు రెండోది వేసి, పైన నెయ్యి పోసింది. వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పలేను. తిన్నాను, రెండూ తిన్నాను.

పావుగంటలో చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. కొత్త ఇంటి కొత్త బాత్రూములో, ఇంకా ఎవరూ వాడని సింకులో, పేగులు బయటికి వస్తాయేమో అన్నంతగా వాంతి చేసుకున్నాను. తలుపు తీసేసరికి బయట ఆరుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి మొహాల్లో ఒకటే వెలుగు. పెద్దమ్మ నా నుదుట కుంకుమ పెట్టి, "శుభమా అని ఇంట్లో చేరిన దినమే మంచి మాట తెలిసె!" అంది. ఏళ్ళ తరబడి రెండో బిడ్డ ఎప్పుడని అడిగి అడిగి అలసిన కుటుంబం మాది. నోరు తెరిచి కాదని చెప్పడానికి రెండు క్షణాలు తటపటాయించాను. ఆ రెండు క్షణాల్లో పెద్దమ్మ ప్రొద్దుటూరుకు ఫోను కలిపేసింది. అవతల అమ్మ ఏడుపు నాకు స్పీకరులో వినిపించింది. నాన్న పోయాక ఆమె సంతోషంతో ఏడవడం అదే మొదటిసారి. కాదని చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఉదయం అక్క షట్టరు తీసేవేళకే వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాను. మొత్తం చెప్పాను. ఆమె ముందు పగలబడి నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆపేసింది.

"అక్కా, నువ్వే కదా ఎవరి కొలతా బయటపెట్టవు! నేను చేసింది మాత్రం తప్పెట్లా అవుతుంది?"

"ఏంది నువ్వు మాట్లాడేది? నేను గట్టిగ చదవను, గంతే. నీ కొలత తక్కువ చేసి రాస్తనా? గట్ల రాస్తే బట్ట నీకు పడుతదా? చదవకుండుడు వేరే, అబద్ధం రాసుడు వేరే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఊరందరికి ఎందుకు చెప్తవ్, అక్కర లేదు. మీ అమ్మకు చెప్పు. నువ్వు చెప్పకుంటే ఆమె ఇగ ఉయ్యాల కొంటది" అంది.

షట్టరు సగం దించి, మిషను మీద గుడ్డ కప్పి, గిర్ని వైపు వెళ్ళిపోయింది. ఫోను చేశాను. కడుపు పండలేదమ్మా, కోయించుకున్నాను అని చెప్పాను. నాన్న కాలు గుర్తొచ్చి భయపడ్డానని చెప్పాను. తిడుతుందని కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

"ఆ నొప్పి ఎట్ల ఓర్చుకుంటివే?" అంది అమ్మ. "ఆస్పత్రిలో నీ పక్కన ఎవురుండిరి? నేను చచ్చిపోతినా?"

వారం తిరిగేసరికి మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని అమ్మ బస్సు దిగింది. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో నా ఎడమ పక్కన ఆమే కూర్చుంది. వడ్డించేవాళ్ళు వంగితే చాలు, "దానికి చాలు, ఇట్ల నాకేయ్" అనేది. ఎందుకని ఎవరూ అడగలేదు. నా ఆకులోవి తిని ఆమె మూడు కిలోలు పెరిగిందని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆపరేషన్ అయి రెండేళ్ళు కావస్తుండగా ఈ నీలం కుర్తా తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్‌కు ముందు నేను ఎంతో ఇష్టపడి కుట్టించుకున్నది, లైనింగ్ వేసినది. అప్పటికి అందులో ఇద్దరు నేనులు పట్టేవాళ్ళు. అక్క రెండు పక్కలా సుద్దతో గీతలు గీసింది.

"మిగిలిన బట్ట కోసెయ్యక్కా. లోపల ఉంచొద్దు. నేను మళ్ళీ ఆ సైజుకి పోను."

"ఉండనీ. బట్ట ఏమన్న అన్నమడుగుతదా?"

"వద్దు, కోసెయ్. అది లోపల ఉంటే నాకు నమ్మకం ఉండదు."

నా మొహంలోకి ఒకసారి చూసి, "సరే తియ్" అంది. నేను మూలనున్న నీళ్ళ డబ్బా దగ్గర నీళ్ళు తాగుతుంటే వెనకనుంచి కత్తెర కరకరమన్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మర్నాడు కుర్తా ఈ సంచిలో పెట్టి ఇచ్చింది.

అదే ఆమె నాకు చేసిన చివరి పని. రెండేళ్ళ క్రితం జ్వరమని దవాఖానకు వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను కబురు విని వెళ్ళేసరికి మట్టి చేసి వచ్చారు. ఇప్పుడు ఆ షట్టరులో ఫోన్లు బాగుచేస్తారు. ఆమె కోసం నేను ఏడ్చింది తక్కువ. కొత్త బట్ట కొన్న ప్రతిసారీ ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నిలబడిపోవడం ఎక్కువ.

ఇవన్నీ తలుచుకుంటూ ఆదివారం పొద్దున చాలాసేపే కూర్చున్నాను. తర్వాత, తెగిన కుట్టు ఎలాగూ సరిచేయాలి కదా అని బ్లేడు తెచ్చి కుర్తా పక్క కుట్టు విప్పడం మొదలుపెట్టాను. లైనింగ్ ఊడివచ్చింది. దానికీ పై గుడ్డకూ మధ్య, చదునుగా మడిచి, వదులుగా కచ్చాకుట్టు వేసిన నీలం బట్ట ఉంది. ఎండ తగలక ముదురు రంగు అలాగే నిలిచి ఉంది. రెండో పక్క విప్పాను. అక్కడా ఉంది.

ఆ రోజు కత్తెర చప్పుడు నా చెవులతో నేను విన్నాను. ఆమె ఏం కోసిందో నాకు తెలియదు. నా బట్ట మాత్రం కోయలేదు.

మంచం మీద కూర్చుని ఏడ్చాను, ఆమె పోయినప్పుడు ఏడవాల్సినదంతా కలిపి. నేను ఓడిపోతానని అనుకుని దాచలేదు ఆమె. మనుషుల ఒళ్ళు కొలిచి కొలిచి, అది ఒకచోట నిలబడదని తెలిసిన మనిషి. నాతో వాదించకుండా, నన్ను భయపెట్టకుండా, నాకు చోటు ఉంచి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించి, రెండు పక్కలా రెండు వేళ్ళ మేర వదిలి వంకరటింకరగా కుట్టుకున్నాను. అక్క చూస్తే ఆ కుట్టుకు నన్ను బాగానే తిట్టి ఉండేది. టైపు చేసిన మెసేజ్ చెరిపేశాను.

ఖాజాగూడ చెరువు దగ్గరి టిఫిన్ సెంటరులో నిఖిత మూల బల్ల దగ్గర, పొట్ట మీద హ్యాండుబ్యాగు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. అలా బ్యాగు పెట్టుకోవడం నాకు బాగా తెలుసు. నన్ను చూసి లేచింది. నేను ఎదురుగా కాకుండా తన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరు ఎంత సన్నగా ఉన్నారండీ!" అంది.

"ఏడు కిలోలు మళ్ళీ పెరిగాను నిఖితా. పొద్దున ఈ కుర్తా పట్టలేదు. కుట్లు విప్పుకుని వచ్చాను" అన్నాను. "ముందు అది విను. తర్వాత మిగతావన్నీ చెబుతాను."

ఆ అమ్మాయి పొట్ట మీది బ్యాగు తీసి కింద పెట్టింది. రెండు గంటలు మాట్లాడుకున్నాం. డాక్టరును ఏమేం అడగాలో కాగితం మీద రాసుకుంది. ఇంట్లో ఎవరికి చెబుతావని అడిగితే, వాళ్ళ అక్కకు చెబుతానంది. తన బరువెంతో తను చెప్పలేదు, నేను అడగలేదు.