వద్దంటే మానేస్తారా

ఈ రోజు హంసలదీవి దగ్గర ఒక పెళ్లికి ఫొటోలు తీశాను. ఎవరినీ వరసగా నిలబెట్టకుండా, జరిగింది జరిగినట్టు తీయడం నా పద్ధతి. పెళ్లికూతురి తండ్రి సముద్రం మీద వేటకెళ్లే మనిషి. పొద్దున్నే పక్కకు పిలిచి, "అప్పగింతల్లో నేను ఏడిస్తే తియ్యొద్దు బాబూ" అన్నారు. సరేనన్నాను.

కూతురి చెయ్యి వియ్యపురాలి చేతిలో పెడుతూ ఆయన బావురుమన్నారు. నేను ఆయన ముఖం మీద నుంచి కెమెరా తిప్పేశాను.

నేను బయల్దేరుతుంటే వచ్చి, "ఏదీ, ఏడ్చిన ఫొటో చూపించు" అన్నారు.

"మీరు వద్దన్నారు కదండీ."

"వద్దంటే మానేస్తారా? భోజనాల దగ్గర వద్దన్నవాళ్లకి వడ్డించడం మానేస్తున్నామా?"

వెనక నుంచి తీసింది ఒకటి ఉంటే చూపించాను. అందులో ఆయన వీపు నిమురుతున్న కూతురి చెయ్యి ఉంది. ఆయన కళ్లు మళ్లీ నిండాయి.

"ఇప్పుడు మాత్రం తియ్యొద్దు బాబూ" అన్నారు.

కెమెరా నా చేతిలోనే ఉంది. మీరైతే ఏం చేసేవారు?