అక్క అడిగిన కొలత

మొన్న గురువారం పొద్దున ఫోన్. "టైలరక్కా, అమ్మ ఇగ లేదు" అని ఒకమ్మాయి ఏడుస్తోంది. సూర్యాపేట దవాఖానలో నాలుగు రోజులుండి, మా ఎదురింటి అక్క తెల్లారేసరికి కన్నుమూసింది. సగం కుట్టిన జాకెట్టు మిషన్ మీద అట్లాగే వదిలేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

అక్క గురించి మా కోదాడలో రెండు రకాలుగా చెప్తారు. నేను నా కళ్ళతో చూసింది చెప్తాను. ఆమెది రికార్డింగ్ డాన్స్ ట్రూపు. జాతరల్లో స్టేజి కట్టి, సినిమా పాటలు పెట్టి ఆడతారే, అది. పద్దెనిమిదేళ్ళు తనే ఆడింది. తర్వాత ఆరుగురు ఆడవాళ్ళతో ట్రూపు నడిపింది. వాళ్ళంతా ఆమెను అమ్మా అనే పిలిచేవాళ్ళు. ఆ డాన్సులు చూడ్డానికి ఊరంతా కదులుతుంది. ఆడినవాళ్ళకు ఇల్లు కిరాయికివ్వమంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు.

నేనూ అంతే. ఆమె మా వీధిలో దిగిన కొత్తలో, ఖాళీ చేయించాలని అందరూ కాగితం రాస్తే నేనూ సంతకం పెట్టాను. ఇంటి ఓనరు ఆ కాగితం ఆమెకు చూపించి పేర్లన్నీ చదివి వినిపించాడట, కానీ ఖాళీ చేయించలేదు. మర్నాడు అక్క బట్టల మూటతో నా గుమ్మంలోకి వచ్చింది.

"నీ సంతకం సూసిన. అక్షరాలు ముత్యాల్లెక్క ఉన్నయి," అంది. మూట నా ముందు విప్పింది. "గివి ఆరు లంగాలు కుట్టాలె. నువ్వు కుడ్తవా, ఇంకెవరినన్న అడగాల్నా?"

కుడతానన్నాను. అప్పటి నుంచి పదకొండేళ్ళు ఆ ట్రూపు బట్టలన్నీ నేనే కుట్టాను. చాన్నాళ్ళకు ధైర్యం చేసి, తప్పయిందక్కా అంటే నవ్వింది. "నీ ఇష్టం, నువ్వు పెట్టినవ్. నా ఇష్టం, నేనొచ్చిన."

స్టేజి ఎక్కేముందు చెప్పులు విడిచి పలకలన్నీ అరికాళ్ళతో తడిమి చూసేది. ఎక్కడన్నా మేకు తేలితే సుత్తి తెప్పించి తనే కొట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళతో ఒకటే మాట: "ఇష్టముంటెనే ఎక్కు. ఎక్కినంక దిగాలనిపిస్తె, పాట సగంల ఉన్నా దిగు. నన్ను గూడ అడగకు." ఒకసారి వయసు దాచి వచ్చిన పదిహేడేళ్ళ పిల్లకు అన్నం పెట్టి, బస్సెక్కించి ఇంటికి పంపేసింది. ఆ పిల్ల ఎంత బతిమాలినా వినలేదు.

మూడేళ్ళ కిందట ఒక ఊరి జాతరలో పోలీసులు ప్రోగ్రాం మధ్యలో ఆపేశారు. అశ్లీలం అన్నారు. తాగి స్టేజి ఎక్కి అమ్మాయి చెయ్యి పట్టుకున్నవాడు ఇంటికి పోయాడు. చెయ్యి విడిపించుకున్న అమ్మాయి పోలీసు వ్యానెక్కింది. ఆరుగురినీ స్టేషన్లో నేల మీద కూర్చోబెడితే ఎవరో ఫోన్లో వీడియో తీయబోయారు. అక్క వాళ్ళ మొహాలకు అడ్డంగా కొంగు చాపి, వదిలిపెట్టేదాకా అట్లాగే నిలబడిందట.

వారం తర్వాత సూర్యాపేటలో పెద్ద పోలీసాఫీసరును కలవడానికి బయల్దేరింది. తనకు రాయడం రాదు, అర్జీ రాయడానికి నన్ను తోడు రమ్మంది. "బట్ట మీద గీతలు గీస్తవ్ గదా, ఆ సుద్దముక్క గూడ తే," అంది. ఎందుకో చెప్పలేదు.

ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. "చూడమ్మా, మీ ఆడపిల్లల గౌరవం కోసమే ఆపేది," అన్నాడు.

అక్క సంచిలోంచి ఒక లంగా తీసి ఆయన బల్ల మీద పరిచింది. పక్కన సుద్దముక్క పెట్టింది.

"సార్, ఏడిదాక ఉంటె గౌరవమో జర గీత గీయుండ్రి. మా టైలరమ్మ గాడికే కుడ్తది."

ఆయన సుద్ద చేతిలోకి తీసుకున్నాడు. లంగా వైపు చూశాడు. మళ్ళీ కింద పెట్టేశాడు. "ఇది నా పని కాదమ్మా."

"నేనూ గదే అంటున్న సార్." అక్క గొంతులో కోపం లేదు. "నా పిల్లలు పద్దెనిమిది దాటినోళ్లు. ఏం కట్టాలె, ఎట్లాడాలె, వాళ్లకెరుక. రూల్స్ వద్దంటలేను. సిన్నపిల్లల్ని ఆడిస్తె నన్ను లోపలెయ్యుండ్రి. టైముకు ఆపమంటె ఆపుత. కానీ స్టేజి మీదికి ఒక్కడు ఎక్కొద్దని గూడ రాయుండ్రి. ఎక్కినోన్ని దించెతందుకు ఒక లేడీ కానిస్టేబుల్‌ని పంపుండ్రి. గింతే."

ఆయన కాగితం ముందుకు లాక్కొని, "మొదటి నుంచి చెప్పమ్మా," అన్నాడు. ఆమె చెప్తూ పోయింది, ఆయన రాసుకుంటూ పోయాడు. బడి మొహం చూడని మనిషి చెప్పే మాటను అంత పెద్ద ఆఫీసరు రాసుకోవడం నేను అప్పుడే చూశాను. ఒక్క ప్రోగ్రాంకు పర్మిషన్ ఇస్తాను, తర్వాత చూద్దాం అన్నాడు.

ఆ ఒక్కటి నేరేడుచర్ల దగ్గర జరిగింది. నేను ముందు వరుసలో కూర్చున్నాను. మూడో పాటలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన స్టేజి ఎక్కాడు. లేడీ కానిస్టేబుల్ వెళ్ళి భుజం పట్టి దించేసింది. పాట ఆగింది. అమ్మాయిలు బిగుసుకుపోయారు. అప్పుడు అక్క, యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో మా ఇంటి మెట్లెక్కడానికే ఆగి ఆగి వచ్చే మనిషి, కొంగు బిగించి స్టేజి నడిమికి వచ్చింది. పాట పెట్టమని చెయ్యూపింది.

ఎట్లా ఆడిందో చెప్పడం నాకు రాదు. ఈల వేయడానికి నోట్లో వేళ్ళు పెట్టుకున్నవాళ్ళు అట్లాగే ఉండిపోయారు. అప్పటికి ఎనిమిదేళ్ళుగా కొలతలు తీసిన ఒళ్ళు అది. అందులో ఇంత ఉందని నాకు తెలియలేదు.

అన్నీ గెలిచిందని చెప్పను. ఆ తర్వాతా కొన్ని ఊళ్ళల్లో ఆపారు. వీధిలో కొందరు చివరిదాకా పలకరించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అక్కను శ్మశానానికి తీసుకెళ్ళాం. ఆరుగురూ రంగుల్లేని మొహాలతో, నేత చీరల్లో వచ్చారు. డప్పులు మోగుతుంటే పాడె ముందు ఆడుతూ నడిచారు. ఒకామె మధ్యలో పక్కకు వచ్చి, ఏడ్చి, మళ్ళీ వెళ్ళి కలిసింది. హైవే దాటే దగ్గర లారీలు రెండువైపులా ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ముందున్న లారీ డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, తలకు చుట్టిన తువాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. కాలుతున్న తారు మీద, ఉత్త కాళ్ళతో, ఆ ఆరుగురూ తొందరపడకుండా ఆడుకుంటూ రోడ్డు దాటారు.