గోడ మీది నావ

ఆ రోజుల్లో గోడను గోడలా వదిలేయడమంటే, ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లివ్వకపోవడంతో సమానం. టీవీకి అల్లిక కవరు, ఫ్రిజ్ పిడికి వెల్వెట్ తొడుగు, గ్యాస్ సిలిండర్‌కి కుచ్చుల గౌను (నాకు అంత అందమైన గౌను చిన్నప్పుడు ఎవరూ కుట్టించలేదు), గుమ్మానికి పూసల తెర, తెర పైన ఏడాది పొడవునా కాచే ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు. ఇప్పుడు ఎవరైనా పాత ఫోటోల్లో వాటిని చూసి నవ్వితే నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. కానీ అప్పుడు నవ్వు రాలేదు. నోరు తెరుచుకుని చూసేవాళ్లం. ముఖ్యంగా గోడ నిండా అంటించే ఆ పెద్ద సీనరీలు వచ్చినప్పుడు, ఇంట్లోనే ఇంకో దేశం మొదలైనట్టుండేది.

మొట్టమొదట దాన్ని మా హెడ్ క్లర్కు గారి గృహప్రవేశంలో చూశాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పోర్టు దగ్గర ఓడల సరుకు కాగితాలు తయారుచేసే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి ఆరు నెలలైంది. వాళ్ల హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా నేల నుంచి కప్పు దాకా జలపాతం! ఎర్రటి ఆకుల చెట్లు, నల్లటి రాళ్లు, తెల్లగా దూకుతున్న నీళ్లు. నిజం చెప్తున్నాను, చల్లగా అనిపించి పైట భుజం చుట్టూ కప్పుకున్నాను. (నా వెనకాలే టేబుల్ ఫ్యాన్ ఉందన్న సంగతి తర్వాత తెలిసింది.) ఆ రోజు ఏం తిన్నానో గుర్తులేదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మా రెండు గదుల ఇంటికి తిరిగొచ్చి, సున్నం పెచ్చులూడుతున్న మా గోడను చూస్తే ఏడుపొచ్చింది.

మా నాన్న భీమిలి దగ్గర పల్లెలో పుట్టి, పాతికేళ్లు వచ్చేదాకా సముద్రం మీద చేపల వేటకెళ్లి, ఆ తర్వాత అది మానేసి పోర్టులో కళాసీగా చేరిన మనిషి. మాట తక్కువ. నేను సీనరీ సంగతి చెబితే సరేనన్నాడు. తీరా మా ఊరి పాతబస్తీ దుకాణంలో జలపాతాలన్నీ అయిపోయి, సముద్రం ఒక్కటే మిగిలింది. వంగిన కొబ్బరిచెట్టు, ఇసుక, నురుగు, నీలం నీళ్లు. నేను ఆ కాగితాల చుట్టను చంకలో పెట్టుకుని ఇంటికి తెస్తే, నాన్న విప్పి చూసి అన్న మాట ఒక్కటే: "సంద్రం పక్కనెట్టుకోని, గోడకి సంద్రమేటే తల్లీ?"

"ఇది వేరే దేశం సముద్రం నాన్నా" అన్నాను గర్వంగా.

అంటించడానికి ఫ్రేముల భాయ్ వచ్చాడు. పాతబస్తీలో దేవుడి పటాలకీ పెళ్లి ఫోటోలకీ ఫ్రేములు కట్టే ముసలాయన. పుస్తకాల బైండింగూ చేసేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, బకెట్టు నిండా జిగురు చేశాడు. బొమ్మ మొత్తం ఎనిమిది కాగితాలు. ఏది ఎక్కడ రావాలో వెనకాల అంకెలున్నాయి. భాయ్ ఎనిమిదింటికీ వరసగా జిగురు పూసి నాననిచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, అంకెలు జిగురు కిందికి వెళ్లిపోయాయని. ఆకాశం, చెట్టు తేలికగానే దొరికాయి. కింది వరసలో రెండు కాగితాల దగ్గర తేడా వచ్చింది. రెండింటి నిండా నీళ్లే. ఒకదాని మీద నురుగు కాస్త ఎక్కువ. "ఏదైనా ఒకటే బేటీ, పానీ పానీయే కదా" అన్నాడు భాయ్. నేనూ తలూపాను. అతుకుల దగ్గర అలలు సరిగ్గా కలవలేదు. "ఫికర్ వద్దు, ఆరితే కలిసిపోతాది" అన్నాడు. ఆరింది. కలవలేదు. నేను ఆ అతుకు మీదుగా ఒక ప్లాస్టిక్ ఆకుల తీగ వేలాడదీశాను.

ఆ వారం మా ఇల్లు తీర్థం. వీధంతా వచ్చింది. చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని, గోడకి రెండు గజాల దూరంలో నిలబడి చూశారు. పక్కింటి కొత్త దంపతులు కెమెరా అద్దెకు తెచ్చుకుని దాని ముందు ఫోటో దిగారు. రైల్వేలో చేసే నాన్న స్నేహితుడొకాయన చాలాసేపు చూసి, "బావా, మీ ఇంట్లో నిలబడితే మనిషి పెద్ద ఆఫీసర్నాగ అనిపిత్తన్నాడు" అన్నాడు. అమ్మ అందరికీ టీ పెట్టి పెట్టి అలిసిపోయింది. అయినా ప్రతివాళ్లకీ "మా అమ్మాయి తెచ్చింది" అని చెప్పడం మానలేదు.

ఇంతలో మామ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్ కుదిరింది. మామ్మంటే నాన్నకి తల్లి. నెత్తిన గంపతో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. నాన్న వేట మానేశాక ఆవిడ మా ఇంటికి వచ్చింది రెండుసార్లే. తిట్టింది లేదు, పోట్లాడింది లేదు. మా నాన్నతో సముద్రం మాట ఎత్తడం మానేసింది, అంతే. ఆ మాట తీసేస్తే వాళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి మిగిలింది బాగున్నావా, తిన్నావా. డాక్టరు గట్టిగా చెప్పాడు: నలభై రోజులు ఇసుక, గాలి, ఎండ తగలకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు. పల్లెకి పంపితే కన్ను దక్కదు. అంటే నలభై రోజులూ మా ఇంట్లోనే.

కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి తీసుకొచ్చిన మూడో రోజు పొద్దున్నే మామ్మ మూట కట్టేసింది. "నానుండనురా. ఈ గోడల మద్దిన నాకు ఊపిరాడతన్లేదు. నానెల్తాను" అంది. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. అమ్మ బతిమాలింది. మామ్మ వినేరకం కాదు. చీర కొంగు బిగించి, మూట చంకన పెట్టుకుని, గుమ్మం వైపు తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. గోడ దగ్గరికి నడిచింది. నా ప్లాస్టిక్ తీగను వేలితో పక్కకి తప్పించింది. నల్లద్దాలు తీసి, ఆపరేషన్ అయిన కన్ను గోడకి జానెడు దూరంలో పెట్టింది.

"ఓలమ్మో! ఈ నావనిక్కడెట్టినోడెవడు?"

"ఏ నావ మామ్మా?" అన్నాను.

నేను నెలరోజులు ఆ బొమ్మను తడిగుడ్డతో తుడిచాను. వీధి వీధంతా చూసింది. అందులో నావ ఉందని నాకు తెలియదు! మామ్మ వేలు పెట్టిన చోట, చింతగింజంత, ఒక చిన్న తెరచాప. దాని కింద చీమంత నల్లటి చుక్క.

"ఇదిగో, మనిషి కూడా ఉన్నాడు. సాప ఎత్తీసి ఉన్నాడు. ఇటేపు ఇసక, అటేపు కెరటం ఇరుగుతన్నాది. కెరటం ఇరిగేకాడ సాప ఎత్తుతాడా ఎవడైనా? నావ బోర్లడిపోద్ది. ఆడు సచ్చిపోతాడే గుంటా!"

ఆపరేషన్‌కి ముందు, ఎదురుగా నిలబడ్డ కొడుకుని గొంతును బట్టి గుర్తుపట్టిన మనిషి! నాన్న వచ్చి చూశాడు. ఎప్పుడూ లేనిది గట్టిగా నవ్వాడు. "అవునే అమ్మా. ఈ రెండు కాయితాలూ అటుదిటు అతికించీసినారు. నురుగు ఒడ్డు కాడుండాల, నావ ఆవలుండాల."

"మరి మార్పించరా!" అంది మామ్మ. మూట ఇంకా చంకలోనే ఉంది.

అప్పుడు నాకు తట్టింది. "నువ్వుండి చెప్తేనే మార్పించగలం మామ్మా. మాకేం తెలుసు?" అన్నాను. మామ్మ నన్నూ గోడనూ మార్చి మార్చి చూసి, మూట మంచం మీద పెట్టింది.

ఆ సాయంత్రమే భాయ్ దగ్గరికి పరిగెత్తి, నలభై రోజుల దాకా ఆ కాగితాలు మార్చొద్దని ప్రాధేయపడ్డాను. పాపం ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. మామ్మ కబురు పెట్టినప్పుడల్లా వచ్చి, గోడను గోటితో గీకి, "గోడ పచ్చిగా ఉందమ్మా" అనేవాడు. ఇంకోసారి "గమ్ము హైదరాబాద్ నుంచి రావాల" అన్నాడు. (మైదా పిండి, హైదరాబాద్ నుంచి!) ఆ అబద్ధం చెప్పినంతసేపూ ఆయన కప్పు వైపే చూశాడు. నేను వంటింట్లోకి పారిపోయాను.

ఆ నలభై రోజులూ డ్యూటీ నుంచి వచ్చి నాన్న మామ్మ మంచం పక్కన కింద కూర్చునేవాడు. ఇద్దరూ గోడకేసి చూస్తూ మాట్లాడుకునేవారు. ఆ నావవాడు ఎటునుంచి వస్తే బతుకుతాడు, గాలి ఏ పక్కకి తిరిగితే తెరచాప ఎప్పుడు దింపాలి, నీటి రంగు అక్కడ ముదురుగా ఉందంటే కింద రాయి ఉన్నట్టా, లోతున్నట్టా. మా నాన్నకి అన్ని మాటలొచ్చని నాకు తెలియదు. పోర్టులో తాళ్లు లాగి, ఇంటికొచ్చి, తిని పడుకునే మనిషనే అనుకున్నాను. బొమ్మలో అర్ధరూపాయంత ముదురునీలం మచ్చ చూపించి, అక్కడ ఏ చేప దొరుకుతుందో, దానికి ఏ వల వేయాలో చెబుతుంటే నా చేతిలో కాఫీ చల్లారిపోయేది. జలపాతం చూసి పైట కప్పుకున్నప్పుడు కూడా నేను అంత అబ్బురపడలేదు.

నలభై ఒకటో రోజు భాయ్ వచ్చాడు. వేడినీళ్ల గుడ్డ ఒత్తి ఒత్తి, కాగితం అంచును బ్లేడుతో లేపాడు. మామ్మ మంచం మీద నుంచి "నావ జాగర్త, నావ జాగర్త" అంటూనే ఉంది. సగం దాకా వచ్చాక సర్రుమని చప్పుడైంది. భాయ్ కళ్లు మూసుకున్నాడు. నాన్న వంగి చూసి, "నురుగే సిరిగినాది. నావ బాగానే ఉంది" అన్నాడు. చిరిగిన నురుగు చోట భాయ్ సున్నం బ్రష్‌తో రెండు తెల్లగీతలు గీశాడు. నావ ఆవలి నీళ్లలోకి వెళ్లింది. అలలు కలిశాయి. గోడ ఒక్కసారిగా లోతుగా అయిపోయింది. "ఎల్లిపోనాడు" అంది మామ్మ తృప్తిగా.

మర్నాడు ఆవిడను తగరపువలస బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు నేనే నిజం ఒప్పుకోబోయాను. "మామ్మా, గమ్ము సంగతి..."

"మైదా పిండికి నలబై రోజులేటే గుంటా? నానేటి గుడ్డిదాన్నా?" అంది. బస్సు కదిలేముందు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించింది. "నీ బాబు నాతో సంద్రం మాటాడతన్నాడు. మద్దిలో లెగిసి ఎలాగెల్తాను?"

మళ్లీ వానాకాలం వచ్చేసరికి గోడ చెమ్మగిల్లి, కాగితం ఉబ్బి, కొబ్బరిచెట్టు ముందుగా రాలిపోయింది. ఆ తర్వాత గాజువాకలో నా సొంతింట్లో నేను చేయని పిచ్చి లేదు: కప్పుకి పూలపూల ప్లాస్టరు, దాని చాటున నీలం లైట్లు, స్పాంజితో అద్దిన గులాబీరంగు గోడ. ప్రతిదాని ముందూ నోరు తెరుచుకునే నిలబడ్డాను. అన్నిటికీ ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అప్పట్లో, మామ్మ వెళ్లాక వచ్చిన ఆదివారం నాన్నను రమ్మని అడిగి, ఇద్దరం బీచికి వెళ్లాం. బస్సెక్కితే అరగంట. పంతొమ్మిదేళ్లలో మా నాన్నతో కలిసి సముద్రం ముందు నిలబడడం అదే మొదలు. గాలి ఎటుందో, కెరటం ఎక్కడ విరుగుతోందో ఆయన చేయి చాపి ఒక్కొక్కటే చూపించాడు. నేను ప్రతిదానికీ తలూపాను. ఆ తలూపిన పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎందుకంటే అంత పెద్ద సముద్రం ముందు నిలబడి, పైకి అనలేదు గానీ, లోపల మాత్రం ఒకటే అనుకుంది: మా గోడ మీదిదే ఇంకాస్త నీలంగా ఉంది.