సెంటర్ చూసి పెట్టిన బొట్టు

లల్లీ, చిన్నూ! సింధు అక్క ఫిన్లాండులో చదువుతోందని కదిరిలో మీ బడి మొత్తానికి చెప్పుకున్నారట. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బాగుంది, చెప్పుకోండి. కానీ ఆ ప్రయాణం ఎక్కడ ఆగిపోబోయిందో, దాన్ని ఆపబోయిన మహానుభావుడెవరో మీకెవరూ చెప్పి ఉండరు. నేనే చెబుతాను. ఆ మహానుభావుడు మీ పెదనాన్నే, అక్కను కన్న నేనే!

నేను బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో పనిచేస్తానని మీకు తెలుసు కదా. తయారైన సరుకును కొలిచి చూడటం నా పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపిస్తాను. ఇంట్లోనూ అంతే. గ్యాసు కట్టేశానా అని మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి చూసే మనిషిని. ఊరు వదిలి వచ్చి పిల్లను పెంచుతున్నవాడికి ఇంకో చిక్కు ఉంది. ఏదైనా చేస్తుంటే "ఇంక చాల్లేరా, అది సరిపోతుంది" అనే పెద్దవాళ్ళు పక్కన ఉండరు. అందుకని నేను ప్రతిదీ రెండింతలు చేస్తాను.

అక్క కాలేజీలో ఒక పథకం ఉంది. ఎంపికైన పిల్లలు ఒక సెమిస్టరు ఫిన్లాండులో ఒక యూనివర్సిటీలో చదివి రావచ్చు. అక్క అప్లై చేసింది. మార్కులు చూసి, వ్యాసం చదివి, ఆఖరికి వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామని మెయిల్ పంపారు. అది దాటితే సీటు వచ్చినట్టే.

ఆ మెయిల్ వచ్చిన రోజు నుంచి నేను సగం ఫిన్లాండులోనే ఉన్నాను. ఆ యూనివర్సిటీ ఉన్న ఊరి చౌరస్తాలో స్తంభం మీద ఒక కెమెరా ఉంది. అక్కడేం జరుగుతున్నదీ ఎవరైనా ఫోన్లో చూడొచ్చు. షాపులో మధ్యాహ్నం డబ్బా తెరిచి, సంగటి ముద్ద ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి. వెనక ప్రెస్ మెషిన్లు దబ్ దబ్ అంటుంటే, నా అరచేతిలో మాత్రం మంచు చప్పుడు లేకుండా పడేది. పసుప్పచ్చ దీపం. ఎర్ర టోపీ పెట్టుకుని కుక్కను నడిపించుకుపోయే ఒక ముసలాయన. ఒక నీలం తలుపు. రేపు అక్క ఆ తలుపు ముందు నుంచే నడుస్తుందేమో, చేతికి తొడుగులు వేసుకుంటుందో లేదో అనుకుంటూ ముద్ద మింగడం మరచిపోయేవాణ్ణి.

అప్పుడప్పుడూ ఆ కెమెరా అద్దానికి మంచు అంటుకుని, చౌరస్తా మొత్తం తెల్లగా అలుక్కుపోయేది. నాకు కోపం వచ్చేది. "ఎవరైనా ఆ అద్దం తుడవకూడదా! అంత చదువుకున్న దేశం, ఆ మాత్రం తెలియదా?" అని పక్కన కూర్చున్న వాళ్ళతో అనేవాణ్ణి.

ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇంటర్వ్యూ గురువారం మధ్యాహ్నం రెండింటికి. కాలెండరు చూశాను. నడి రాహుకాలం!

"అమ్మాయీ, టైము కొంచెం మార్చమని అడగరాదా?"

"ఎందుకప్పా?"

"రాహుకాలం ఉండాది."

అక్క నా వైపు అట్లాగే చూసింది. "ఫిన్లాండు ప్రొఫెసర్లకి రాహుకాలమని మెయిల్ పెట్టమంటావా? సబ్జెక్ట్ ఏం రాయాలి అప్పా?"

పద్మ పెద్దమ్మ వంటింట్లోంచి అందుకుంది. "ఆ ఊర్లో పొద్దు పొడిచేది వేరే టైములో కదా. వాళ్ళ రాహుకాలం వేరే ఉంటాది. నీది నీ దగ్గరే పెట్టుకో!"

మాట బాగానే ఉంది. కానీ నా మనసు ఒప్పుకోలేదు. టైము మార్చలేకపోతే దానికి తగిన మందు వెయ్యాలి కదా? మా షాపులో పెద్ద ఆర్డరు మొదలుపెట్టేటప్పుడు ఏం చేస్తాం? మెషినుకు నీళ్ళు చిలకరించి, గంధం, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, అప్పుడు స్విచ్ వేస్తాం. ఇన్నేళ్ళలో ఏ మెషినూ మా మాట తప్పలేదు. మరి ఈ రోజు పని చేయాల్సిన మెషిన్ ఏది? లాప్‌టాప్!

గురువారం సెలవు పెట్టాను. ఒంటిగంటకు అక్క స్నానానికి పోయింది. నేను గంధం తీసి, చిన్న గిన్నెలో కలిపి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నిమ్మకాయ కూడా తెచ్చుకున్నాను.

పెద్దమ్మ చూసింది. "ఆ నిమ్మకాయ ఎందుకు? దాని మీద లాప్‌టాప్ ఎక్కించి తొక్కిస్తావా ఏంది?"

నిమ్మకాయ మానుకున్నాను. నీళ్ళు చిలకరించడం కూడా నేనే మానుకున్నాను, కరెంటు వస్తువని. చూడండి, ఎంత జాగ్రత్త మనిషినో! ఇంక బొట్టు ఒక్కటే మిగిలింది. దాన్నైనా సరిగ్గా పెట్టాలి. పై అంచున నడిమధ్యలో పెడితే నుదుట పెట్టినట్టు ఉంటుంది. నడిమధ్య అంటే కంటి అంచనా కాదు. స్టీలు స్కేలు తీశాను. ఈ చివర నుంచి కొలిచాను, ఆ చివర నుంచి కొలిచాను. సరిగ్గా మధ్యలో ఏముంది? ఆవగింజంత నల్లని చుక్క!

మా షాపులో రంధ్రం వేసే ముందు, మధ్య తప్పిపోకుండా సుత్తితో ఒక చిన్న గుర్తు కొడతాం. సెంటర్ పంచ్ అంటాం. అట్లాంటి గుర్తే ఇక్కడా ఉంది. నాకు ఎంత ముచ్చటేసిందంటే! కంపెనీవాడు కూడా ఎంత శ్రద్ధగలవాడు, బొట్టు ఎక్కడ పెట్టాలో ముందే గుర్తు పెట్టి పంపించాడు అనుకున్నాను. ఉంగరం వేలితో గంధం పెట్టి, దాని నడుమ కుంకుమ అద్దాను.

అది కెమెరా అని నీకు తెలియదా పెదనాన్నా అంటారు, అంతేనా? నవ్వకండి. అద్దంలో ముఖం చూసుకునేటప్పుడు అద్దానికి కన్ను ఎక్కడుందని వెతుక్కుంటామా? వీడియోలో మనం కనబడుతున్నామంటే తెర మొత్తం మనల్ని చూస్తోందనుకున్నాను. ఆ ఆలోచనైనా ఆ రోజే వచ్చింది, అంతకు ముందు అదీ లేదు.

ఇంకో సంగతి. ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానేస్తే ఎట్లా? లాప్‌టాప్ మొరాయిస్తే వాడుకుందామని అక్క తన ఫోను పక్కనే పెట్టుకుంది. దానికీ పైన మధ్యలో చుక్క ఉంది. దానికీ బొట్టు. నా ఫోనుకూ బొట్టు. పెద్దమ్మ ఫోనుకూ బొట్టు. ఇంట్లో చూపున్న వస్తువు ఒక్కటి మిగల్లేదు!

అక్క వచ్చి కూర్చుంది. బొట్టు చూడలేదా? చూసే ఉంటుంది. కానీ మా ఇంట్లో ఫ్రిజ్‌కు బొట్టు, మిక్సీకి బొట్టు, స్కూటరుకు బొట్టు. బొట్టు లేకపోతేనే మాకు కంటికి ఆనుతుంది.

రెండయింది. నేను తలుపు బయట నిలబడ్డాను, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ.

"గుడ్ మార్నింగ్ మేడమ్, గుడ్ మార్నింగ్ సర్! యామ్ ఐ ఆడిబుల్?" అంది అక్క. అక్కడ వాళ్ళకింకా పొద్దునే కదా.

అవతలి నుంచి ఒక ఆడగొంతు. వినబడుతున్నావమ్మా, కనబడటం లేదు, కెమెరా వేసుకో అంది ఇంగ్లీషులో. అక్క ఆన్‌లోనే ఉందంది. అట్లయితే మాకు ముదురెరుపు చీకటి ఒక్కటే కనబడుతోందని ఒక మగగొంతు.

టక టక టక. అక్క ఏవేవో నొక్కుతోంది. ఆపి మళ్ళీ వేసింది. ముదురెరుపు. లాప్‌టాప్ మొత్తం ఆపి వేసింది. ముదురెరుపు. తనకిచ్చిందే ఇరవై నిమిషాలు, అందులో సగం కరిగిపోతోంది.

"సారీ మేడమ్, ఫోన్ నుంచి జాయిన్ అవుతా!"

ఫోనులో కూడా అదే. "దిస్ ఈజ్ ఆల్సో రెడ్," అంది ఆవిడ మెల్లగా.

"అప్పా!" అక్క గొంతులో ఏడుపు తొంగి చూసింది. "నీ ఫోను ఇయ్యి!"

ఇచ్చాను. అదీ ఎరుపే!

చూశావా, రాహుకాలం! మూడు మెషిన్లూ ఒకేసారి చెడిపోవడం ఎక్కడైనా ఉంటుందా? అప్పుడు నా లోపలి ఇన్‌స్పెక్టరు లేచాడు. మూడింటికీ ఒకే తప్పు వస్తే తప్పు మెషినుది కాదు, మెషిన్ దగ్గరున్న మనిషిది. ఈ మాట షాపులో కుర్రాళ్ళకు రోజూ చెప్పేది నేనే! షాపు అలవాటు కొద్దీ ఎప్పుడూ జేబులో ఉండే భూతద్దం తీసి లాప్‌టాప్ మీదికి వంగాను. గంధం. గంధంలో వేలిముద్ర. ఆ వేలు ఎవరిదో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు.

"అమ్మాయీ... ఈ చుక్క ఏం పని చేస్తాది?"

అక్క బొట్టు చూసింది. నన్ను చూసింది. "అప్పా, అది కెమెరా."

ఎండిన గంధం ఒక పట్టాన పోతుందా? లాప్‌టాప్‌లో కాల్ ఇంకా నడుస్తూనే ఉంది, తడిగుడ్డతో దాన్ని ఒక్క తుడుపు తుడిచాను. అప్పుడు తెర మీద ఏమైందో చెబుతా వినండి. ఎరుపు విచ్చుకుంది. చీకటి పోయి, తెర నిండా లేత బంగారు రంగు పొగమంచు పరుచుకుంది. దాని నడుమ అక్క ముఖం, తెల్లవారుజామున ఎంతో దూరంలో నిలబడ్డ మనిషిలాగా, అంచులు లేకుండా, మెత్తగా. ఎర్ర టోపీ ముసలాయన నడిచే ఆ చౌరస్తా దాటి, ఆ నీలం తలుపు దగ్గరకు ఈ పిల్ల ఎప్పుడో వెళ్ళిపోయిందనీ, నేను పీణ్యలో ముద్ద పట్టుకుని చూస్తున్నాననీ అనిపించింది. గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది.

"అప్పా! తుడువు!"

తుడిచాను. అద్దం తేటబడింది. తేటబడిన తెరలో అక్క పక్కన నా లుంగీ కూడా తేటగా కనబడింది!

అవతల వెండి జుట్టు మేడమ్, గడ్డం ఉన్న సారు. ఆవిడ నా చేతిలో గుడ్డను, వేలి మీద కుంకుమను చూసి, ఏం జరిగిందని అడిగింది. అక్క దాచలేదు. మా నాన్న మెషిన్ షాపులో పని చేస్తారు, ఏ ముఖ్యమైన పనికైనా ముందు మెషినుకు బొట్టు పెట్టి దండం పెడతారు, ఈ రోజు లాప్‌టాప్‌కు పెట్టారు అని చెప్పింది. ఆవిడ నా వైపు తిరిగి, మరి అక్కడే ఎందుకు పెట్టారంది.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను. "సెంటర్, మేడమ్. ఐ మెజర్డ్."

సారు బల్ల మీద తలవాల్చి నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. పెదవి బిగబట్టుకుని, మిగిలిన టైములో అక్కను మూడే ప్రశ్నలు అడిగి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలు మెయిల్ లేదు. అక్క నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. మధ్యాహ్నం డబ్బా తెరిచినా ఫోను తెరవలేదు నేను. ఆ చౌరస్తా ముఖం చూడటానికి సిగ్గేసింది. వాళ్ళ కెమెరాకు మంచు అంటితే తిట్టిన నోరు కదా ఇది! శుక్రవారం నా కొలతల బల్లకు బొట్టు పెట్టడానికి వేలు లేచింది, మళ్ళీ దిగిపోయింది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గడపలోనే చక్కెర పట్టుకుని ఉంది. సీటొచ్చింది!

ఆనందం కొంచెం సర్దుకున్నాక, ఆశ చంపుకోలేక అడిగాను. "ఆ మేడమ్‌కి మన బొట్టు నచ్చిందేమో, కదా అమ్మాయీ?"

"కాదప్పా. మార్కులు, వ్యాసం చూసి ఇచ్చినారు," అంది అక్క చక్కెర చప్పరిస్తూ. "నువ్వు ఎంత ఆపినా ఆగలేదు, అంతే!"

ఆగస్టులో విమానం ఎక్కేటప్పుడు పెట్టెకు బొట్టు పెట్టబోయాను. "ఎక్కడైనా పెట్టు అప్పా, నా లాప్‌టాప్ కన్ను, ఫోను కన్ను వదిలేసి," అంది. చిన్న కుంకుమ భరిణె మాత్రం తనే అడిగి పెట్టుకుంది.

మొన్న ఆయుధపూజ నాడు వీడియో కాల్ చేసింది. తెర మొత్తం ఎరుపు. ముందు నా ఫోను అద్దం తుడిచాను. చొక్కాతో తుడిచాను, గుడ్డతో తుడిచాను, ఆపి వేశాను. ఎరుపే! అంతలో ఆ ఎరుపు లోపలి నుంచి నవ్వు.

"ఎంత తుడిచినా పోదులే అప్పా. నీది కాదు, నాది. గంధం లేదని కుంకుమను క్రీములో కలిపి పెట్టినా. సెంటర్‌లోనే పెట్టినా!"

తుడవమని చెప్పలేదు. కాల్ అయిపోయేదాకా ఆ ఎరుపునే చూస్తూ మాట్లాడాను. అక్కడ మంచు పడటం మొదలైందట. తొడుగులు వేసుకుంటోందట.

సరే పిల్లలూ. రేపు మీరూ పెద్దవుతారు, మీ తర్వాత చిన్నవాళ్ళు వస్తారు. ఎవరింట్లో కొత్త లాప్‌టాప్ దిగినా ఈ కథ చెప్పండి. ఎవరైనా పెద్దాయన గంధం గిన్నె పట్టుకుని దాని దగ్గరకు వస్తే బొట్టు వద్దనకండి. కొంచెం పక్కకి అనండి, చాలు.