నాటు పాట ఉన్న కంప్యూటర్

మొన్న బుధవారం పొద్దున ఆరూ నలభైకి కరెంటు పోయింది. ఇబ్రహీంపట్నంలో వానాకాలం మొదలైతే ఇది మామూలే కాబట్టి చదువుతున్న పుస్తకం మూసి ఊరికే కూర్చున్నాను. గోడ పక్కన ఉన్న పాత ఇన్వర్టర్ కాసేపటికే చార్జింగ్ అయిపోయి ఆగి ఆగి పొడుగ్గా కూయడం మొదలుపెడితే, లేచి ఆపాల్సినవాణ్ణి ఆపకుండా వింటూ ఉండిపోయాను. చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం మా పాత కంప్యూటర్ ఇట్లాగే కూసింది. మా ఇంట్లో అమ్మ గొంతు మిగులుతుందో పోతుందో తేలిన రోజు అది.

ఇంటికి కంప్యూటర్ రావడమంటే అప్పట్లో ఎంత మాటో మన వయసు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నేను మన్నెగూడ దగ్గర ఒక బడిలో పంతులుగా కొత్తగా చేరిన రోజులవి. నా భార్య బస్ డిపో దగ్గర ఒక సెంటర్‌కు పోయి కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. హయత్‌నగర్‌లో రిపేరు పని చేసే మా తమ్ముడు, ఎవరో పనికిరాదని వదిలేసిన యంత్రాన్ని బాగుచేసి, పాత టీవీ అంత తెరతో సహా ఆటోలో తెచ్చి మా లోపలి గదిలో పెట్టాడు. నా భార్య పాత చీరతో దానికొక గౌను కుట్టింది. చెప్పులతో ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు. దుమ్ము పడుతుందని అనేది గానీ, ఆ తెర వెలిగే ముందు ఆమె చీర సర్దుకుని కూర్చోవడం చూస్తే అది దుమ్ము భయం ఒక్కటే కాదని తెలిసేది.

అమ్మ గడప దాటేది కాదు, అక్కడే నిలబడి చూసేది. చెరువు కింద మా మడిలోనూ, పిలిచిన వాళ్ల మడుల్లోనూ పెళ్లయిన నాటి నుంచి నాట్లు వేసిన మనిషి. నాటు పాట ఎత్తుకునేది ఆమే, తక్కిన ఆడవాళ్లు అందుకునేవాళ్లు. నేను బడికి పోయిన ఒక మధ్యాహ్నం నా భార్య కంప్యూటర్‌కు మైకు తగిలించి అమ్మను లోపలికి పిలిచి పాడమని అడిగిందట. కూర్చోబెడితే అమ్మకు ఒక్క చరణమూ గుర్తు రాలేదట. లేచి నడుం వంచి, గచ్చు మీద నారు పెడుతున్నట్టు చెయ్యి ఆడిస్తూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తే అప్పుడు పాట వచ్చిందట. మైకు తీగ అందినంత దూరం నా భార్య ఆమె వెంట మోకాళ్ల మీద పాకిందట. సాయంత్రం ఈ సంగతి చెప్పుకుని ముగ్గురం నవ్వుకున్నాం గానీ, నేను ఆ రికార్డు వినలేదు. యంత్రంలో ఉంది కదా, ఎప్పుడైనా వినొచ్చు కదా అనుకున్నాను.

ఆ ఎండాకాలం అమ్మ పోయింది. దీపం ఆ గదిలోనే పెట్టాం. కంప్యూటర్ మీద గౌను కప్పి ఉంచాం, దినాలు అయిపోయాక కూడా దాన్ని తీయబుద్ధి కాలేదు. వానలు పడ్డాయి, గోడలు చెమ్మగిల్లాయి, మా మడి దున్ని నారు సిద్ధం చేశారు. రేపు నాటు అనగా ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చింది. సొంత పెద్దమ్మ కాదు, అమ్మతో జీవితమంతా పక్కపక్కన నాటు వేసిన మనిషి. వెంట మరో ఇద్దరు ఆడవాళ్లున్నారు.

"బిడ్డా, చెల్లె పాట ఆ డబ్బాల ఉన్నదంటివి గదా, ఒక్కపారి ఇనిపియ్యి. నేనెన్నడు అందుకున్నదే గని ఎత్తుకున్నది లేదు. రేపు మడిల దిగి మూగోళ్లలెక్క నాటెయ్యాల్నా?" అని నా భార్యను అడిగింది.

నా భార్య గౌను తీసి, మడత పెట్టి, స్విచ్ వేసింది. లోపల ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. ఆగి ఆగి పొడుగ్గా కూత మొదలైంది. ప్లగ్గు తీసి పెట్టింది, తెర వెనక తీగ బిగించింది, వేరే బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూసింది. ఏం చేసినా కూతే. ఆ పాటకు ఇంకో నకలు ఎక్కడా లేదు. నేను ముందు గదిలోకి పోయి తమ్ముడికి ఫోన్ కలిపాను.

"కూస్తుందా? ఎట్ల కూస్తుంది, పొడుగ్గనా పొట్టిగనా? జర కూసి చూపియ్యన్నా" అన్నాడు.

బడి పంతుల్ని, ముగ్గురు పెద్దవాళ్లు చూస్తుండగా ఫోన్లో కూసి చూపించాను. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, "బడిల పాఠం చెప్తున్నవా బిడ్డా, పిట్టలను పడుతున్నవా?" అంది. తమ్ముడు నవ్వలేదు. "గట్ల కూస్తే నయమే. ర్యామ్ చెమ్మకు పట్టుకుంటలేదు, అది సాఫ్ చేస్తే అయిపోతది. గని హార్డ్ డిస్క్ సంగతి తెర వస్తెనే తెలుస్తది. అది పోతే దాంట్ల ఉన్నది దేవుడు గూడ తియ్యలేడు. వదినకు చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. లోపలికి పోయి ఆమె ముఖం చూస్తే, నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదని అర్థమైంది.

ఫోన్ తీగ లోపలి గది దాకా రాదు. అందుకని తమ్ముడు చెప్పిన మాట నేను గడప దగ్గరికి మోసుకొచ్చేవాణ్ణి, ఆమె చేసేది. స్విచ్ ఆపి, కరెంటు టెస్టర్‌తోనే మరలు తీసి పక్క రేకు విప్పింది. యంత్రం లోపలి భాగం నేను చూడటం అదే మొదటిసారి. ఆకుపచ్చ పలక, దాని మీద వెంట్రుక మందం గీతలు, వరసగా చిన్న చిన్న గింజల్లాంటివి. ఇందులో ఎక్కడో అమ్మ గొంతు ఉందన్నది తెలిసిన విషయమే అయినా, చూశాక నమ్మడం ఇంకా కష్టమైంది. పెద్దమ్మ కూడా మెడ చాచి చూసి రెండు చేతులూ జోడించింది.

ముట్టుకునే ముందు, ఒంట్లో ఉండే సన్నటి కరెంటు పోవడానికి ఇనుప కిటికీ పట్టుకొమ్మన్నాడు తమ్ముడు, పట్టుకుంది. రెండు చివర్ల గొళ్లాలు విప్పి ర్యామ్ పట్టీ తీసింది. బంగారు రంగు అంచును పెన్సిల్ రాత చెరిపే రబ్బరుతో రుద్దమంటే, వేళాకోళం చేస్తున్నాడనుకుని రెండుసార్లు అడిగాను. "చేతులు వణకద్దని చెప్పు వదినకు" అన్నాడు. ఆ మాట చేరవేస్తే ఆమె తల ఎత్తకుండా, "నా చేతులు మంచిగనే ఉన్నయి, ఆయన గొంతే వణుకుతుందని చెప్పుండ్రి" అంది. అది కూడా చేరవేశాను.

రబ్బరు పొడి ఊది, పట్టీని టక్కుమనేదాకా నొక్కి, స్విచ్ వేసింది. ఒక్క పొట్టి కూత వచ్చి ఆగిపోయింది. తెర మీద తెల్ల అక్షరాలు పైకి పాకడం మొదలుపెట్టాయి. చాలాసేపటికి ఆమె 'అత్తమ్మ' అని పేరు పెట్టుకున్న పాట మీదికి బాణం గుర్తును తీసుకుపోయి నొక్కింది.

ముందు గాజుల చప్పుడు వచ్చింది. తర్వాత అమ్మ గొంతు. ఒక చరణం పాడి ఆగింది.

అంతే, చప్పుడు లేదు. యంత్రం మళ్లీ పోయిందనుకున్నాను. ఆ కంగారులో నా భార్యకూ ఏదీ గుర్తు లేదు, చెయ్యి మౌస్ మీదికి పోయింది. అప్పుడు గడప దగ్గర ఉన్న పెద్దమ్మ, అడగకుండానే, ఆ చరణాన్ని అందుకుంది. పక్కనున్న ఇద్దరూ గొంతు కలిపారు. వాళ్లు పాడి ఆపీ ఆపకముందే, తొందరా లేకుండా, ఆలస్యమూ లేకుండా, అమ్మ రెండో చరణం ఎత్తుకుంది. మళ్లీ ఆగింది. మళ్లీ వాళ్లు అందుకున్నారు. పాట చివరిదాకా ఒక్కచోటా తప్పలేదు. ఒంటరిగా ఒక గదిలో వంగి పాడిన మనిషి, పక్కన లేని వాళ్లకు ఆ చరణం పాడటానికి ఎంత ఊపిరి కావాలో అంత జాగా వదిలిపెట్టింది. ఆ రోజు పాట అయ్యాక, మైకు ఆపి, ఎందుకు ఆగినవ్ అత్తమ్మా అని తానే అడిగిందట నా భార్య. నారు పెడుతున్న చెయ్యి ఇంకా ఆపకుండానే "ఆళ్లు అనద్దా బిడ్డా?" అన్నదట అమ్మ.

అయ్యాక గానీ ఫోన్ పక్కన పెట్టి వచ్చానన్నది గుర్తు రాలేదు. పోయి చెవి దగ్గర పెట్టుకుంటే తమ్ముడు లైన్లోనే ఉన్నాడు. మర్నాడు మొదటి బస్సుకు వచ్చి పాటను సీడీలోకి ఎక్కించాడు. అదే పొద్దున మా మడిలో పెద్దమ్మ మొదటిసారి పాట ఎత్తుకుంది. మధ్యలో తప్పిపోయి, "చెల్లే, జర అందియ్యవే" అని గట్టిగా అంటే అందరూ నవ్వారు, తర్వాత కొందరు ఏడ్చారు.

చాలా చదివాను గానీ, పోయిన మనిషి బతికున్నవాళ్ల కోసం ఆగడం నేను మరెక్కడా చూడలేదు. పెద్దమ్మ పోయింది. నా భార్య పోయి రెండేళ్లు. పాట ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది, ఎప్పుడు తాకినా మొదలవుతుంది. అమ్మ చరణం పాడి ఆగుతుంది. నేను గట్టు మీద నిలబడి విన్నవాణ్ణే గానీ మడిలో దిగి అందుకున్నవాణ్ణి కాను, అందుకని ఆ కాసేపు ఊరుకుంటాను, తర్వాత ఆమె రెండోది ఎత్తుకుంటుంది. చెరువు కింద మా మడి ప్లాట్లయింది. మిగిలిన కొన్ని మడుల్లో యంత్రం నాటు వేస్తుంది, యంత్రం దిగని చోట బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు మాటామంతీ లేకుండా పొద్దెక్కేలోగా వేసి పోతారు. ఇక్కడ నాటు వేస్తూ ఇప్పుడు ఎవరూ పాడరు.