మేడ మీది సముద్రం

తిరువూరులో సముద్రం పెట్టుకుంటానంటే మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నేను జువాలజీ చెబుతాను. పుట్టింది బందరులో. వయసు యాభైకి ఒక ఏడాది తక్కువ. ట్రాన్స్‌ఫర్ మీద ఈ ఊరొచ్చి రెండేళ్లయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఈ మధ్య అడగడం మానేశారు. కాలేజీ నుంచి నాలుగున్నరకి వచ్చి తాళం తీస్తే, పొద్దున నేను కాఫీ తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. ఆ గ్లాసుని చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఇంట్లో నేను కాకుండా కదిలేది ఇంకేదైనా ఉంటే బాగుండుననిపించింది.

కుక్కని పెంచుకోమన్నారు. నాది ముక్కు మీద కోపం. కుక్కకి కోపం తెలుస్తుంది, తోక ముడుచుకుని మంచం కిందకి పోతుంది. చేపకైతే నేను ఏమన్నా వినపడదు. పోనీ మంచినీళ్ల చేపల్నే పెట్టుకోవచ్చుగా అంటే, బందరు దానికి ఉప్పునీళ్ల చేపే చేప. ఈ విషయంలో నేను మొండిదాన్ని.

మూడడుగుల అద్దాల తొట్టి బెజవాడలో చేయించి, ఆటో ట్రాలీలో తెప్పించాను. దాని వెనక అద్దానికి రెండు చిల్లులు. ఒక చిల్లులోంచి నీళ్లు పొంగి పైపు గుండా కింది తొట్టిలోకి దిగుతాయి. అక్కడ మురికి వడగట్టుకుని, మోటారు తోస్తే రెండో పైపులోంచి మళ్లీ పైకి వస్తాయి. వినడానికి ఇంతే. కరెంటు పోతే మాత్రం పై నీళ్లు ఆ రెండో పైపులోంచే వెనక్కి దిగిపోయి, కింది తొట్టి పొంగి, గదంతా మడుగవుతుంది. అందుకని ఆ పైపు మధ్యలో నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు ఒకటి బిగించాలి. ప్లాస్టిక్‌దే బిగించాలి. ఉప్పునీళ్లకి ఇత్తడి తగిలితే అందులోని రాగి కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. రొయ్యలకీ నత్తలకీ రాగి విషం. ఇదంతా చదువుకునే మొదలుపెట్టాను. ప్లాస్టిక్ వాల్వు కోసం బెజవాడలో నాలుగు షాపులు తిరిగాను.

పైపులు వేయడానికి మా వీధి చివరి ప్లంబరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, పనిమంతుడు. టేపు పెట్టి కొలవడు, జాన పెట్టి కొలుస్తాడు, కోస్తే సరిగ్గా సరిపోతుంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నెత్తి మీద నిలబడి ప్రతి జాయింటుకీ వంక పెట్టాను. ఒక బెండు కాస్త పక్కకి తిరిగిందని మొదటి రోజే గట్టిగా అరిచాను. అతను దాన్ని కోసేసి మళ్లీ వేశాడు. రెండో రోజు నాకు ఇన్విజిలేషన్ పడింది. కింద వాటాలో ఉండే ఇంటావిడకి తాళం ఇచ్చి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి పనంతా పూర్తి చేసి, రెండు షాపుల్లో కొన్న పైపులు రెండు రంగుల్లో ఉన్నాయని మొత్తం తెల్ల రంగు కూడా వేసి వెళ్లాడు. ఎక్కడా చుక్క కారలేదు. ఫోన్ చేసి మెచ్చుకున్నాను కూడా. నేను మెచ్చుకోవడం అరుదు.

మా ఊరి బోరు నీళ్లు ఆ తొట్టికి పనికిరావు. గిన్నెలో కాస్తే అడుగున సున్నం పేరుకుంటుంది. వాటరు ప్లాంటు నుంచి పది టిన్నులు మేడ మీదకి మోయించి, అందులో సముద్రపు ఉప్పు కలిపాను. నెల రోజులు చేపలు లేకుండా నీళ్లే తిరిగాయి. పైపులోంచి దిగే నీళ్ల చప్పుడు వింటూ అన్నం తినేదాన్ని. ఆ తర్వాత నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు, నాలుగు నత్తలు, వీపు మీద ఎర్రచారలున్న రొయ్య ఒకటి తెచ్చాను.

కింద ఉండే ఇంటావిడని నేను పిన్నిగారూ అంటాను. అరవై దాటాయి. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు కలగలేదు. జాకెట్లకి హుక్కులు, చీరలకి ఫాల్సు కుట్టి బతుకుతోంది. రెండేళ్లలో మా మధ్య మాటలన్నీ నీళ్ల మోటారు గురించీ గేటు గొళ్లెం గురించే. చేపలొచ్చిన మర్నాడు పైకి వచ్చి, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. తొట్టి ముందు వంగి, చేపలు తిరిగినవైపల్లా తల తిప్పింది. సముద్రం ఎప్పుడూ చూడలేదట. కృష్ణ దాటడమే రెండుసార్లట. ఇవి నిజంగా సముద్రం నీళ్లేనా అని అడిగింది. కలిపినవేగాని, చేపలకి ఆ తేడా తెలియదని చెప్పాను.

అప్పట్నుంచి రోజూ ఐదింటికి వచ్చేది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చీరకి ఫాల్ కుడుతూ, మధ్యమధ్యలో తలెత్తి చూసేది. ఒకరోజు నేను తొట్టిలో చెయ్యి పెడితే రొయ్య వచ్చి నా గోళ్ల చుట్టూ శుభ్రం చేయడం మొదలుపెట్టింది. దాని పనే అది. పెద్ద చేపల ఒంటి మీది మురికి తిని బతుకుతుంది. ఆవిడ కూడా జంకుతూ వేలు పెట్టింది. సూది గుచ్చుకుని గరుకెక్కిన ఆ వేలి మీద రొయ్య ఎక్కి కూర్చుంది. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. నాతో పాటు ఎవరో ఒకరు ఆ గదిలో నవ్వడం నాకెంత బాగుందో చెప్పలేను. మూడింటి క్లాసులో ఉండగానే ఆ రోజు టీకి ఏం చేద్దామా అని ఆలోచించేదాన్ని. చేపల కోసం పెట్టిన తొట్టి మనిషిని తెచ్చి పెట్టింది.

ఇరవై రోజులయ్యాక రొయ్య చచ్చిపోయింది. పొద్దున చూస్తే రాళ్ల మధ్య వెల్లకిలా ఉంది. మర్నాటికి నత్తలు కూడా కదలడం మానేశాయి. చేపలు మాత్రం మామూలుగానే తిరుగుతున్నాయి. ఏమైందో తెలియక ఇసుకంతా కెలికాను. మూలన, ఇసుకలో సగం కూరుకుపోయి ఒక రూపాయి బిళ్ల కనిపించింది. దాని అంచున పసుపు ఇంకా పట్టుకుని ఉంది.

ఎవరు వేశారో అడగనక్కర్లేదు. ఆ బిళ్ల పట్టుకుని అలాగే కిందకి దిగాను. ఆవిడ వరండాలో మిషన్ దగ్గర ఉంది. హుక్కులు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు అక్కడే కూర్చున్నారు. వాళ్లున్నారని కూడా చూడలేదు. నాణెం నీళ్లలో వేస్తే లోహం దిగుతుందనీ, పసుపూ కుంకుమా వేయడానికి అదేమన్నా గుడా అనీ, చదువులేని చేతులు నా తొట్టిలో పెట్టనివ్వడం నాదే బుద్ధితక్కువనీ నోటికొచ్చినట్టు అన్నాను. చివరికి, "మీరే చంపేశారు దాన్ని" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. లేచి నిలబడి, "సముద్రం కదమ్మా, వట్టి చేతుల్తో చూడకూడదని వేశాను" అంది. ఆ ఆడవాళ్లు తలలు వంచుకున్నారు.

ఆ సాయంత్రం ఐదింటికి ఆవిడ రాలేదు. రాదని తెలుసు. అయినా టీకి రెండు గ్లాసుల నీళ్లు పెట్టాను. తప్పు ఆవిడదైనా అంత మాట అనకుండా ఉండాల్సిందని రెండో రోజుకే అనిపించింది. కిందకి దిగడానికి మాత్రం అహం అడ్డొచ్చింది. గేటు దగ్గర ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిచ్చేది. నాకా పక్కకి తప్పుకోవడం చెంపదెబ్బలా ఉండేది. సగం నీళ్లు మార్చాను. నెల ఆగి ఇంకో రొయ్యని తెచ్చి వదిలాను. అది బాగుంటే అప్పుడు వెళ్లి పిలుద్దామని నాకు నేనే ఒక గడువు పెట్టుకున్నాను. ఐదో రోజున అదీ చచ్చిపోయింది.

నీళ్లలో రాగి ఉందేమో చూసే చుక్కల మందు తెప్పించి పరీక్ష చేశాను. సీసాలో నీళ్లు రంగు మారాయి. బిళ్ల తీసేసి నెల దాటింది. నీళ్లు మార్చాను. మరి రాగి ఎక్కణ్ణుంచి వస్తోంది? అప్పుడు తట్టింది, సొరుగులో పారేసిన ఆ రూపాయి బిళ్లని తీసి అయస్కాంతం దగ్గర పెట్టాలని. టక్కున అతుక్కుంది. అది ఉక్కు బిళ్ల. అందులో రాగే లేదు. పాతికేళ్లుగా పిల్లలకి ముందు పరీక్ష చేసి తర్వాత మాట్లాడమని చెబుతున్నదాన్ని, రెండు సెకన్ల పరీక్ష చేయకుండా ఒక మనిషి మీద నేరం మోపాను.

తొట్టి వెనక్కి చెయ్యి పోనిచ్చి పైపులన్నీ తడిమాను. వాల్వు దగ్గర చల్లగా, బరువుగా తగిలింది. చాకుతో గీరితే తెల్ల రంగు కింద పచ్చగా ఇత్తడి కనిపించింది.

ప్లంబరుని పిలిపించాను. నా చేతిలో చాకు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను తెచ్చిన ప్లాస్టిక్ వాల్వు బిగిస్తుంటే చిట్లిందట. తిరువూరు నీళ్లకి సున్నం పట్టి ప్లాస్టిక్ వాల్వులు ఆర్నెల్లకే బిగుసుకుపోతాయనీ, ఇక్కడ మంచి పని చేసే ఎవడైనా ఇత్తడిదే వేస్తాడనీ, అందుకని ఖరీదైనదే తెచ్చి వేశాననీ చెప్పాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబ్దామనే అనుకున్నా మేడం. ముందురోజు బెండు కోసం మీరు అరిచిన అరుపుకి భయమేసి, రంగేసి ఊరుకున్నా" అన్నాడు.

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ రోజే వాల్వు కోయించి తీయించాను. తర్వాత మొహం కడుక్కుని కిందకి దిగాను.

ఆవిడ బియ్యం ఏరుతోంది. పీట మీద కూర్చోమంది. జరిగిందంతా చెప్పాను. వాల్వు అంటే ఏంటో కూడా చేతులతో చూపించాను. మీ బిళ్ల వల్ల కాదు పిన్నిగారూ, మీవల్ల ఏమీ కాలేదు, నన్ను క్షమించండి అన్నాను. చేట పక్కన పెట్టి ఆవిడ నావైపు చూసింది. కోపంగా చూస్తుందేమోననుకున్నాను. ఆవిడ మొహంలో భారం దిగిన తేలికదనం కనిపించింది.

"అయితే నేను చంపలేదా?" అంది.

లేదన్నాను.

"నీ మాటకి నాకేం బాధ లేదమ్మా. నా చేత్తో ప్రాణం తీశాననే నిద్ర పట్టలేదు. వేలి మీద కూర్చునేది కదా. బస్సెక్కి నెమలి ఊరి గుడికి వెళ్లి, స్వామి దగ్గర తప్పు ఒప్పుకుని దణ్ణం పెట్టుకొచ్చాను" అంది.

నేను చేసిన తప్పుకి, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి, క్యూలో నిలబడి, ఆవిడ క్షమాపణ చెప్పుకుంది. అదే నెలలో నేను అహంతో మేడ మీద కూర్చున్నాను. ఆవిడ ముందే ఏడ్చాను. ఆవిడ ఏడవొద్దని నా భుజం తట్టి, కాఫీ కలిపి ఇచ్చింది.

పైకి రమ్మని అడిగాను. ఇంకో రొయ్యని తెస్తానన్నాను. ఆవిడ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"వద్దులేమ్మా. నాకిప్పుడు దాన్ని చూస్తే భయంగా ఉంటుంది. నువ్వే చూసుకో" అంది. ఆ గొంతులో అలక గానీ నిష్ఠూరం గానీ లేవు. ఉంటే బతిమాలేదాన్ని.

ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతుంది. పప్పు చేస్తే గిన్నెలో పెట్టి పంపిస్తుంది, పనమ్మాయి చేత. ఇదివరకు బట్టలు మా డాబా మీద ఆరేసుకునేది, నా గుమ్మం ముందునుంచే వెళ్లాలి. పోయిన వారం పెరట్లో గోడకి మేకు కొట్టి కొత్త తాడు కట్టుకుంది. ఐదింటికి నా కిటికీలోంచి చూస్తే ఆవిడ అక్కడ చీరలు మడత పెట్టుకుంటూ కనిపిస్తుంది.